ఆరు బిళ్ళలకు సగం నొప్పి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం భయపడింది తాతయ్యకు కాదు, తాతయ్య కుడికాలి బొటనవేలికి. నాలుగైదు నెలలకోసారి అది ఉన్నట్టుండి ఎర్రగా వాచిపోయేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. మంచం పక్కన ఎవరైనా గట్టిగా నడిచినా కసిరేవాడు. మా పల్లెలో దాన్ని వాతం అనేవారు. గౌటు అని దానికో పేరుందని చాలా ఏళ్ళ తర్వాత, అదే జబ్బు నాకూ వచ్చాక గాని తెలియలేదు. ఆస్తిపాస్తులేమీ ఇవ్వకపోయినా ఆ వేలు మాత్రం నాకు రాసిచ్చి పోయాడు మహానుభావుడు.

మాది గురజాలకు ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. మా నాన్న రైల్వేలో పనిచేస్తూ ఊళ్ళు తిరుగుతుండటంతో నన్ను తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంచారు. తాతయ్య మిషను వాళ్ళ బళ్ళో మేస్టారు. బడంటే పెద్ద కట్టడం అనుకునేరు. నాపరాళ్ళు పరిచిన ఒక కొట్టం, ఒక నల్లబల్ల, ఒక కుర్చీ, అయిదు తరగతులకూ కలిపి ఒకే మేస్టారు. ఊరికి ఎడంగా ఉన్న మా పల్లెలో కూలికి పోయే జనం పిల్లలకి అదొక్కటే దిక్కు. ఊళ్ళో ఇంకో బడి ఉండేది గాని, అక్కడికి పోతే మా పిల్లల్ని గడప బయట కూర్చోబెట్టేవారు. అందుకే ఆ కొట్టం మీద తాతయ్యకు అంత ప్రాణం.

ఆ ఏడు నేను అయిదో తరగతి. సోమవారం ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తారని కబురొచ్చింది. అంతకుముందు వచ్చినప్పుడు ఆయన, మేస్టారు పెద్దవారైనారు, ఆరోగ్యం అంతంతమాత్రం, ఈ బడిని ఊళ్ళో బడిలో కలిపే విషయం ఆలోచించవచ్చు అని రాసిపోయారు. ఈసారి కూడా మేస్టారు కుర్చీలో కనపడకపోతే ఇక బడి ఉండదని తాతయ్య భయం. గోడలకి సున్నం వేయించాడు, నల్లబల్లకి మసి పూయించాడు, మాకు ఎక్కాలు వల్లె వేయించాడు. అన్నీ సిద్ధం చేసుకున్నాక శుక్రవారం మధ్యాహ్నం వేలు వాచింది. దానికీ ఓ వేళాపాళా ఉండాలా వద్దా!

తాతయ్యను అంతకుముందే చూసిన డాక్టరు గారొకరు మాచర్లలో ఉండేవారు. మర్నాడు పొద్దున్నే తొలి బస్సుకు పోయివచ్చిన ఒకాయన చేత ఆయన దగ్గర నుంచి మందు తెప్పించారు. ఒక చిన్న సీసా, అందులో మెంతిగింజలంత తెల్లటి బిళ్ళలు, ఇంగ్లీషులో రాసిన ఒక చీటీ. చీటీ తాతయ్యే చదివి నాయనమ్మకి తెలుగులో చెప్పాడు. రెండు గంటలకొకటి వేసుకోవాలి. నొప్పి తగ్గినా, వాంతి వచ్చినట్టున్నా, కడుపు జారినా అక్కడితో ఆపెయ్యాలి. ఏదేమైనా ఎనిమిది దాటకూడదు. నీళ్ళు బాగా తాగాలి. ఆనాటి పద్ధతి అది, ఇప్పుడు డాక్టర్లు అన్నేసి బిళ్ళలు ఇవ్వరు. చదవడం మాత్రం తాతయ్య చక్కగా చదివాడు, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో. పాటించే దగ్గరికి వచ్చేసరికి ఆ చీటీ ఇంకెవరికో రాసినట్టు తలగడ కింద పెట్టేశాడు.

శనివారం రాత్రి పడుకునేలోపు ఆరు బిళ్ళలు పడ్డాయి. సగం నొప్పి పోయింది. ఆదివారం తెల్లవారేసరికి కడుపు జారడం మొదలైంది. చెంబు పట్టుకుని, కర్ర ఊతంతో పెరటి దారిన చేలోకి పోవడం నేను మూడుసార్లు చూశాను. అక్కడితో ఆపాలి గదా? చీటీలో ఉంది గదా? పైకి మాత్రం ఏమీ లేనట్టే వచ్చి పడుకున్నాడు. గుడిలో పొద్దుటి ఆరాధన అయ్యాక పలకరించడానికి వచ్చిన సంఘం పెద్దలకి నాయనమ్మే చెప్పింది, పొద్దున్నించి మూడుసార్లు పోయొచ్చాడని. ఒక్కరంటే ఒక్కరు మందు ఆపమన్నారా? "మంచిదే మేస్టారూ, లోపలున్న చెడునీరంతా పోతంది. మందు బాగా పట్టిందన్నమాట" అని తలలూపారు. ఇంకో పెద్దమనిషి, "విరేచనాలప్పుడు నీళ్ళు మాత్రం తాగబాకండి, ఇంకా జారుద్ది" అని ఓ సలహా పడేసి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఆ మాట పట్టుకుని మంచం పక్కనున్న నీళ్ళ కూజా తీసుకుపోయి వంటింట్లో పెట్టింది. తాతయ్య కూడా పెద్దగా అడగలేదు. నీళ్ళు తాగితే మళ్ళీ లేవాలి, లేస్తే వేలు నేలకి తగులుతుంది, అదీ ఆయన బాధ. నాకిప్పుడు డెబ్బై ఏళ్ళు దాటినా ఆ ఆదివారం గుర్తొస్తే ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేయాలనిపిస్తుంది.

పదకొండు గంటలప్పుడు తాతయ్య నన్ను మంచం దగ్గరకి పిలిచి పలక తెచ్చుకోమన్నాడు. "ఆరు బిళ్ళలకి సగం నొప్పి పోతే, మొత్తం నొప్పి పోవటానికి ఎన్ని బిళ్ళలు కావాలే?" అని అడిగాడు. త్రైరాశికం మాకు ఆ నెలే నేర్పాడు. క్లాసులో అందరికంటే ముందు జవాబు చెప్పేది నేనే. పలక మీద గీతైనా గియ్యకుండా "పన్నెండు తాతయ్యా" అన్నాను. "శభాష్" అని నా తల నిమిరి, సీసా మూత తీశాడు. రెండు గంటలకొకటైతే రాత్రి దాకా పడుతుందనుకున్నాడో ఏమో, అరగంటకొకటి చొప్పున ఇంకో ఆరూ మింగేశాడు. నాయనమ్మ వంటింట్లో ఉంది. చూసింది నేనొక్కదాన్నే. నా లెక్క ప్రకారం తాతయ్య మందు వేసుకుంటున్నాడని తెగ మురిసిపోయాను. ఎంత వెర్రిదాన్నో చూడండి.

మూడు గంటలకల్లా వాంతులు మొదలయ్యాయి. ఆ తర్వాత పెరటి గుమ్మం దాకా పోయే ఓపిక కూడా లేకపోయింది. పిక్కలు పట్టేస్తున్నాయని మూలిగాడు. కళ్ళు లోతుకు పోయాయి. నాయనమ్మ ప్రార్థన చేస్తూ ఏడుస్తూ కూర్చుంది గాని నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. నోరెండిపోయి "కాసిని నీళ్ళే" అని ఆయన అడుగుతుంటే, "వద్దయ్యా, ఇంకా ఎక్కువవుద్ది" అని తడిబట్టతో పెదాలు అద్దింది. తప్పు ఆవిడది కాదు, ఆవిడకి అలా చెప్పినవాళ్ళది. అనుకుంటాను గాని మనసొప్పదు. చీటీలో నీళ్ళ సంగతి ఆవిడా విన్నది కదా.

పక్కింటి అక్క ఆ ఆదివారం సెలవు మీద ఇంటికొచ్చి ఉంది. మా కొట్టంలోనే తాతయ్య దగ్గర అక్షరాలు దిద్దుకుని, పెద్దయ్యాక మిషను ఆసుపత్రిలో నర్సయింది. నాయనమ్మ ఏడుపు విని పరిగెత్తుకొచ్చింది. నాడి చూసింది, నాలుక చూసింది, చేతి మీద చర్మం పట్టి వదిలి చూసింది. "బిళ్ళలు ఎన్ని పడ్డయ్ మేస్టారూ?" అని అడిగింది. తాతయ్య కళ్ళు మూసుకుని "ఆరు" అన్నాడు. ఆరేనా అని మళ్ళీ అడిగితే మళ్ళీ ఆరే అన్నాడు.

అబద్ధం ఆడితే బెత్తం విరిగేదాకా కొట్టే మనిషి, చీటీలో ఉన్నది తానే పాటించలేదని తన దగ్గర చదువుకున్న పిల్ల ముందు ఒప్పుకోలేక సగం లెక్క మింగేశాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? పన్నెండని చెబితే ఆ లెక్క చేసింది నేనేనని బయటపడుతుంది. గోడకి ఆనుకుని నిలబడి నోరు మూసుకున్నాను. అక్కడ మనిషి పోతున్నాడు, ఇక్కడ మా ఇద్దరికీ పరువు గొడవ.

అక్క మా ఇద్దరి మొహాలూ చూసింది. నన్ను చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయి, నా ఎత్తుకి వంగి కూర్చుంది. "ఇదిగో పాపా, ఆ అంకె తెలిస్తే గాని నేనేం చెయ్యాలో నాకు తెలవదు. ఆరే అయితే ఇక్కడే గంజి తాపుతా కూర్చుంటా. ఎక్కువైతే ఇప్పుడే బండి కట్టించాల. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అయ్యన్నీ నాకొద్దు. ఎన్నో చెప్పు, చాలు" అంది. పన్నెండని చెప్పేశాను. ఏడుస్తూ పలక సంగతి, శభాష్ సంగతి కూడా చెప్పేశాను. ఆమె కొంగుతో నా కళ్ళు తుడిచింది. "నీ లెక్క కరెక్టే. మందుకి ఆ లెక్క పనికిరాదు, అంతే" అని లేచి లోపలికి పోయింది.

ఇక ఆమె నోటికి అడ్డే లేదు. "నీళ్ళెందుకు ఆపావ్ పెద్దమ్మా? మందు కంటే ముందు ఇదే చంపుద్ది మనిషిని!" అని నాయనమ్మ మీద అరిచింది. గంజిలో ఉప్పు కలిపి చెంచాతో తాపించింది. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ తాపించింది. తలగడ కింద నుంచి సీసా, చీటీ తీసి ఆసుపత్రిలో చూపించాలని కొంగున ముడేసుకుంది. చీటీలో ఎనిమిది దాటకూడదని చదివి తాతయ్య వంక ఒక చూపు చూసింది గాని ఏమీ అనలేదు. రోడ్డు దాకా బండి, అక్కడి నుంచి బస్సు. పొద్దుగూకక ముందే అక్క పనిచేసే ఆసుపత్రికి చేర్చి సెలైను ఎక్కించారు. ఇంకో పూట ఆలస్యమైతే మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసేవని అక్కడి డాక్టరు నాయనమ్మతో అన్నారట. అయిదు రోజులకి గాని ఇంటికి పంపలేదు.

సోమవారం పిల్లలందరం ఉతికిన బట్టలేసుకుని ఖాళీ కుర్చీ ముందు కూర్చున్నాం. మేమే హాజరు పలుక్కున్నాం, మేమే ఎక్కాలు చదువుకున్నాం. సాయంత్రం దాకా ఇన్‌స్పెక్టరు గారు రానే లేదు. ఏదో పనిపడి తనిఖీ వాయిదా వేసుకున్నారట. ఆ ముక్క మాకు కబురు చెయ్యాలని కూడా ఎవరికీ తోచలేదు. రాని మనిషి కోసం మా తాతయ్య ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు! ఇన్‌స్పెక్టరు గారు నెల తర్వాత తీరిగ్గా వచ్చారు. తాతయ్య కుర్చీలోనే ఉన్నాడు, బడీ నిలిచింది. దానికి సంతోషించాలో, తల బాదుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు.

నాలుగు నెలలకి వేలు మళ్ళీ వాచింది. వాచదా మరి! ఈసారి ఆసుపత్రి డాక్టరు కొద్ది బిళ్ళలే రాసి అక్క చేతికిచ్చి పంపారు. తాతయ్య మాట మీద అక్కకి నమ్మకం పోయింది. సీసా మెడకి పురికొస కట్టి, ఆ రెండో కొసని పెరటి గుమ్మం దగ్గరుండే చెంబు మెడకి ముడేసింది. కడుపు జారి చెంబు ఎత్తాలంటే సీసా విప్పాలి, అంటే మందు అక్కడితో ఆగిపోవాలి. విప్పిన సీసా నాయనమ్మ చేతికి పోవాలి, మళ్ళీ తిరిగి రాకూడదు. "మందు తీసుకుపోయి ఆ చెంబుకి కడతావా? ఏందమ్మాయ్ ఈ అసయ్యం!" అని నాయనమ్మ ముక్కు మూసుకుంది. మర్నాడు తాతయ్యకు కడుపులో గడబిడ మొదలైంది కాబోలు, చెంబు దగ్గర నిలబడి ఆ ముడి వంక చాలాసేపు చూశాడు. చివరికి విప్పి, సీసా నాయనమ్మ చేతిలో పెట్టి, "నీళ్ళు ముంచిపెట్టు, వచ్చి తాగుతా" అని వెళ్ళాడు. వేలు ఇంకో నాలుగు రోజులు సలిపింది. సలపనీ. మనిషి దక్కాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికాడు.

ఆ పదిహేనేళ్ళలో ఒక్కసారైనా నన్ను ఆ లెక్క గురించి ఒక్క మాట అనలేదు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, తానే లెక్కేసుకుని మింగానని చెప్పాడట. నన్ను కాపాడాడు, నిజమే. కాని ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ రోజే ఒక దెబ్బ వేసి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్ని.

నేనూ లెక్కల టీచరునే అయ్యాను. ముప్పై ఏళ్ళు పైబడి పిల్లలకి త్రైరాశికం చెప్పాను. నాకు మొదటిసారి వేలు వాచినప్పుడు బీపీ బిళ్ళల నుంచి దగ్గుకి వేసుకుంటున్న బిళ్ళల దాకా అన్నీ సంచీలో వేసుకుపోయి డాక్టరు బల్ల మీద కుమ్మరించాను. ఆయన వాటిలో ఒకటి పక్కకి తీసి, ఇది వాడుతున్నన్నాళ్ళూ గౌటు బిళ్ళ జోలికి పోవద్దు, రెండూ కలిస్తే ప్రమాదం అన్నాడు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడందే మందు రాయనన్నాడు. చూపించి ఉండకపోతే ఏమయ్యేదో. ఈ సంగతి ఎంతమందికి చెప్పినా ఎవరికీ ఎక్కదు. మా వీధిలో ఒకావిడ, "నీకు పనిచేసిన బిళ్ళ పేరు చెప్పొదినా, నా మోకాళ్ళకీ తెప్పించుకుంటా" అంటుంది. ఎదురింటాయన గేటు బయట నిలబడి, ఒకటికి తగ్గకపోతే రెండేసుకోవచ్చా అని అడుగుతాడు. డాక్టర్ని అడగండయ్యా అంటే, ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన టీచరమ్మవి, ఒకటో రెండో చెప్పలేవా అని నవ్వుతాడు. అరిచి అరిచి నా గొంతు పోతోంది.

చెప్పలేను. పదేళ్ళ వయసులో ఒక్కసారి చెప్పాను. జవాబు సరైనదే. రోడ్డు దాకా బండిలో, చల్లబడిపోయిన మా తాతయ్య చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకొకరికి చెప్పను.