ఆదివారం సాక్ష్యం, సోమవారం రిపోర్టు

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే ప్రార్థనలో లేచి చెప్పుకునేంత పెద్ద సాక్ష్యం. సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం కర్రల కుప్పలెక్కే కాలం. దమ్మపేట అవతల, అడవి అంచున, జామాయిల్ కర్రను ముక్కలు కొట్టే ఫ్యాక్టరీలో నాకు రిస్క్ అనలిస్టు ఉద్యోగం వస్తే, మా అమ్మ చర్చి సంఘంలో నిలబడి "మా పిల్లకు కుర్చీల కూసునే కొలువిచ్చిండు దేవుడు" అని కన్నీళ్లు పెట్టుకుంది. (ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదని నేను చెప్పలేదు.) త్రుటిలో తప్పిన ప్రతి ప్రమాదాన్నీ కూలీల దగ్గర తెలుసుకుని, ఫారంలో కారణం రాసి హైదరాబాదు ఆఫీసుకు పంపడం నా పని. మూడు నెలలైనా ఒక్క ఫారమూ నిండలేదు. నోరు విప్పితే కాంట్రాక్టరు గేటు బయట నిలబెడతాడని అందరికీ భయం. "మాకేం కాలే మేడం, మంచిగనే ఉన్నం" అనేవాళ్లు.

ఆ మనుషులే ఆదివారం మా రేకుల ప్రార్థన మందిరంలో, దేవుడు తమనెలా కాపాడాడో సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఆపినా ఆగేవాళ్లు కాదు. క్రేన్ దగ్గర పనిచేసే ఒకాయన నాకు వరసకు మామ. మాటకోసారి స్తోత్రం అంటాడు గనుక ఊరందరికీ స్తోత్రం మామ. ఒక వారం ఆయన లేచి, "మంగళారం నాడు కర్రల మోపు పైకి లేస్తుంటే గొలుసు తెగింది, స్తోత్రం. అప్పుడే నా చెప్పు ఊడి ఒక్క అడుగు ఎనకబడ్డ, స్తోత్రం. గింత దూరంల పడ్డది మోపు" అని జానెడు చూపించాడు. సంఘమంతా హల్లెలూయ అంది. అందరికంటే గట్టిగా అన్నది నేనే. తర్వాతి పాట సగానికొచ్చాక గానీ, నేను విన్నది నా ఫారమని నాకు వెలగలేదు.

సోమవారం రిపోర్టు వెళ్లిపోయింది. సాక్ష్యాలు వింటూ పెరిగినదాన్ని కదా, మామ పేరుతో సహా ఉన్నదున్నట్టు రాశాను. ప్రమాదం తప్పడానికి కారణం: దేవుని కృప. ఇకముందు తీసుకోవలసిన చర్య: ఉపవాస ప్రార్థన. (ఆ రెండు గడుల్లో గొలుసు గురించి ఒక్క ముక్క లేదు.)

బుధవారానికి ఆ ఫారం హైదరాబాదు నుంచి ఫ్యాక్టరీకి తిరిగొచ్చింది, కాంట్రాక్టరు మామను గేటు దగ్గర ఆపేశాడు. నన్ను పిలిపించుకుని, "దేవునికి చెప్పుకున్న ముచ్చట హైదరాబాదుకెందుకు మోసినవ్ కోడలా? ఇగ నా పని పోయినట్టేనా?" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

మేనేజరు సారు గదిలోకి వెళ్లేసరికి నా ఫారమే ఆయన చేతిలో ఉంది. "ఉపవాసం ఎవరుండాలమ్మా, నేనా?"

"పేరు రాసిన తప్పు నాది సార్. తీసేస్తే నన్ను తీసేయండి. ఆయన్ని పంపిస్తే రేపు ఇంకో గొలుసు అరిగినా ఎవరూ చెప్పరు."

ఆయన లేచి క్రేన్ దగ్గరికి నడిచారు. మిగిలిన గొలుసులు చూశారు. ఒకదానికి అరిగిన లింకు చుట్టూ కట్టుతీగ చుట్టి ఉంది. సాయంత్రానికి కాంట్రాక్టరు కొత్త గొలుసులు తెప్పించాడు. మర్నాడు మామ లోపలికొచ్చాడు. ఇకమీదట ఫారంలో పేర్లు రాయనక్కర్లేదన్నారు సారు.

ఆ ఆదివారం మామ మళ్లీ లేచాడు. "నన్ను గేటు బయట నిలబెట్టించిన మా కోడల్ని దేవుడు క్షమించిండు, స్తోత్రం. నేనింకా ఆలోచన చేస్తున్న." మందిరమంతా నవ్వింది. ప్రార్థన ముగిశాక నలుగురు కూలీలు నా కోసం ఆగారు. "పేరు రాయవు గదా బిడ్డా?" "రాయను పెద్దయ్యా. ముందు ఏం తెగిందో చెప్పు."

ఇప్పుడు నేను ఈ పనే కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం మోకాళ్ల మీద ఫారాలు పెట్టుకుని, ఫ్యాక్టరీ మొత్తాన్నీ దేవుడు తనకే అప్పగించినట్టు ముఖం పెట్టుకున్న అప్పటి నన్ను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ నమ్మకం మీద కాస్త అసూయ కూడా.