ఉన్ని అనుకున్న తోలు

బర్మాలో, మింగళాడోన్ అనే పేటలోని ఒక కుట్టు ఫ్యాక్టరీలో నా పని ఆడవాళ్ళ చలికోట్ల టోపీ అంచుకు బొచ్చు కుట్టడం. శనివారాలు పని దిగగానే బస్సెక్కి తామ్వే పేటలో మా తెలుగువాళ్ళ గుడికి వెళ్ళి పురాణం చదివేదాన్ని. మావాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, విని అర్థం చేసుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ. అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

గుడి ముందు కాళ్ళు కడుక్కునేదాన్ని, అంతే. ఉన్నికీ పట్టుకూ మైల లేదని అమ్మ నేర్పింది. బొచ్చు కూడా ఉన్నేననుకున్నాను. మా దగ్గరికి అది వెనక గుడ్డ వేసిన పట్టీలుగా వచ్చేది.

ఒకరోజు వంకరపోయిన పట్టీ విప్పుతుంటే గుడ్డ ఊడి, కింద తోలు కనిపించింది. మా సూపర్‌వైజర్, బర్మా ఆవిడ, నవ్వింది.

"నక్కది. ఇన్నాళ్ళూ ఏమనుకున్నావు?"

శాంపిల్ గది గోడమీద పాత బొమ్మలు చూపించింది. ఒకప్పటి దొరసాని నక్కను తలా కాళ్ళతో సహా మెడకు చుట్టుకుంది. పక్క బొమ్మలో ఒళ్ళంతా బొచ్చుకోటు. ఆ తర్వాత కాలరు మాత్రమే.

"ఇప్పుడు నాలుగు వేళ్ళ వెడల్పుకు దిగింది. అదీ సగం నకిలీదే" అంది.

నేను వెళ్ళి మిగతా పట్టీలు కుట్టేశాను.

ఆ శనివారం గుడి సంగతులు చూసే పెద్దమ్మకు నేనే చెప్పాను.

"ఏటే, నక్కతోలు కుట్టొచ్చి పురాణం సదివీసినావా?"

"ఉన్ని అనుకున్నాను పెద్దమ్మా."

"గొర్రెకి అంత బొచ్చు ఏ దేశంలో ఉంటాదే?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "నెల్లాళ్ళు పుస్తకం ముట్టుకోకు. తరవాత ఇంటికాడ తానం సేసి, సీర మార్సుకొని రా."

"అందాకా ఎవలు సదువుతారు?" అన్నాను.

"ఎవలూ సదవరు."

ఆవిడ జపానికి కూర్చునేది జింకచర్మం మీదే. దానికి శాస్త్రం ఉంది, నక్కకు లేదు. తప్పు నాదే.

మొదటి శనివారం పెద్దమ్మ మనవరాలు కథ లేదా అని బర్మీస్‌లో అడిగింది. రెండో వారం భజన తొందరగా అయిందని కొందరు సంతోషించారు. మూడో వారం ఎవరూ అడగలేదు. నేను చివరి వరుసలో కూర్చుని భజనకు తాళం వేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

నెల నిండాక స్నానం చేసి, చీర మార్చుకుని వెళ్ళాను. పెద్దమ్మ గ్రంథం చేతికిచ్చింది. రెండు పేజీలయ్యేసరికి ఒకావిడ ఫోను తీసింది. అప్పటికే ప్రసాదం తిన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. దేవుడు వింటాడన్నది నాకు అనుమానం లేని మాట. అధ్యాయం చివరిదాకా చదివాను. తలెత్తితే పెద్దమ్మ ఒక్కతే ఉంది.

"వచ్చే వారం నుంచి సదువయినాకే పెసాదం పెడతాను" అంది.

సరేనన్నాను.