నిమిషం నర్సమ్మ

మా ఆరోగ్య కేంద్రం నర్సమ్మకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఐదేళ్లలోపు బిడ్డ కంటపడితే చాలు, చొక్కా పైకెత్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాల్సిందే. అందుకే అందరికీ ఆమె నిమిషం నర్సమ్మ. నేను అక్కడి డాక్టర్ని. కొత్త డిగ్రీ, కొత్త స్టెతస్కోపు, ఆ రెండింటికంటే బరువైన గర్వం.

ఆమెకి వేళాపాళా లేదు. బస్సులో పక్క సీటు పాపని లెక్కపెడుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయేది. ఒక పెళ్లిలో ఫొటోలాయన పక్కకి జరగమంటే, ముప్ఫై రెండు దగ్గరున్నాను, నువ్వే ఆగు నాయనా అందట. తనిఖీకొచ్చిన పెద్ద అధికారి మాటల మధ్యలో ఉంటే వేలెత్తి ఆపి, వరండాలో పిల్లాడి లెక్క ముగించి, ఇప్పుడు చెప్పండి సార్ అంది. నా పరువు తీశావని గంటసేపు క్లాసు పీకాను. ఎంతో శ్రద్ధగా వింది. నా వెనక బల్లమీది బిడ్డని లెక్కపెడుతోందని తర్వాత తెలిసింది.

ఆమె రాకముందు ప్రతి చలికాలం దగ్గు, ఆయాసంతో ఏడెనిమిదిమంది పసివాళ్లు పోయేవారు. ఆమె వచ్చిన రెండో ఏడు ఒక్కరూ పోలేదు. మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది, నా పేరు మీద. ఫ్రేము కట్టించుకున్నాను.

ఒక ఉదయం మా ఎనిమిది నెలల పాపకి దగ్గు. మామూలు జలుబేనని మా ఆవిడ కంగారుని కొట్టిపారేసి డ్యూటీకొచ్చాను. మధ్యాహ్నం నర్సమ్మ టీకాలు వేసి తిరిగొస్తూ మా ఇంటి ముందు ఆగిందట. కాసేపటికి పాపని ఎత్తుకుని, మా ఆవిడని వెంటబెట్టుకుని నా ముందు నిలబడింది.

"యాభై ఎనిమిది, డాక్టరుగారూ. రెండుసార్లు లెక్కపెట్టాను."

ఆ వయసులో యాభైకి చేరితే నిమోనియా అనుకోవాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. స్టెతస్కోపు తిరగేసి పెట్టుకున్నాను. ఆమే సరిచేసింది. మా కేంద్రంలో అందరికీ ఉచితంగా ఇచ్చే మాత్రలే నీళ్లలో కరిగించి ఐదు రోజులు పట్టించాం. మూడోరోజుకే పాప నా జుట్టు పీకడం మొదలుపెట్టింది.

తప్పు ఒప్పుకుందామని మా ఆవిడ దగ్గరికి వెళ్తే, తనే నా చేయి పట్టుకుంది. "అనుమానమొచ్చి నర్సమ్మని పంపింది మీరేనటగా."

ఎందుకలా చెప్పావని నర్సమ్మని అడిగాను. ఏ ఇంట్లోనైనా అంతేనట. తల్లి వేళకి కనిపెట్టింది కాబట్టి బిడ్డ దక్కిందని అత్తగారి ముందు గట్టిగా చెప్పి మరీ వస్తుందట.

"తిడతారని భయపడితే ఇంకోసారి బిడ్డని తీసుకురారు డాక్టరుగారూ. మీరైనా అంతే."

మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి నా ముందుచూపు గురించి చెబుతూనే ఉంది. పాపకిప్పుడు పాతికేళ్లు. నిజం చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తున్నాను.