ప్రపంచకప్పుకు కట్టిన రెండు గదులు

బియ్యం కడిగిన నీళ్లు పారబోస్తే బీరయ్య ఊరుకోడు. లలితమ్మ పొద్దున వంట మొదలుపెట్టగానే ఇనుప బకెట్ తెచ్చి ఆమె పక్కన పెడతాడు. కడుగు నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులో పడాలి. కుడితి నిండాక చేయి పెట్టి ఒకసారి కలుపుతాడు. తర్వాత బకెట్ ఎత్తుకుని ఇంటి వెనక్కి వెళ్లి, మోరీలో వంచేసి వస్తాడు. ఆ కుడితి తాగడానికి ఇంట్లో బర్రె లేక రెండేళ్లవుతోంది. మొదట్లో లలితమ్మ వద్దనేది. ఇప్పుడు ఏమీ అనదు.

పాతబస్తీ గౌలిపురలో వాళ్లది తాతల నాటి నుంచి పాల వ్యాపారం. ఒకప్పుడు ఇరవై బర్రెలుండేవి. బీరయ్య చేతికి వచ్చేసరికి నాలుగు మిగిలాయి. ఇంటి వెనక రేకుల కొట్టం, నేలలో పాతిన నాలుగు గుంజలు, ఎదురుగా సిమెంటు తొట్టి. పేడ వాసనంటూ చుట్టుపక్కల మేడల మీదివాళ్లు లొల్లి పెట్టేవారు. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని వచ్చేది కూడా వాళ్లే.

ప్రపంచకప్ మ్యాచ్‌లు ఉప్పల్‌కు వస్తున్నాయన్న కబురు లలితమ్మ తమ్ముడు నగేష్ తెచ్చాడు. అతను ట్రావెల్స్ కారు నడుపుతాడు.

"బావా, హోటళ్లన్ని ఫుల్లు. యాడ ఉండాల్నో తెల్వక మంది పరేషాన్ అయితున్రు. మన దగ్గర ఉంటే చార్మినార్‌కు నడుసుకుంట పోవచ్చు. పొద్దంత తిరుగుతరు, గాజులు కొంటరు, మాపటికి ఉప్పల్ పోయి మ్యాచ్ చూస్తరు. ఉప్పల్ల ఏమున్నది? స్టేడియం ఉన్నది, దాని సుట్టు ట్రాఫిక్ ఉన్నది."

"అయితే నన్నేం జెయ్యమంటవ్?"

"కొట్టం తీసేసి రెండు రూములు కట్టు. కప్పు అయిపోయినా చార్మినార్ యాడికి పోదు గద."

"మరి బర్లు?" అంది లలితమ్మ.

"ఆ బర్ల కింద కూసొని కూసొని బావ మోకాళ్లు అరిగిపాయెనే అక్కా."

"నీ నోరు మాత్రం ఎంత వాడినా అరగదు."

నగేష్ నవ్వాడు. బీరయ్య నవ్వలేదు. మోకాళ్ల మాట నిజం. పాలు పిండి లేచేటప్పుడు ఆ మధ్య గోడ పట్టుకోవలసి వచ్చేది.

నాలుగు బర్రెలనూ శంషాబాద్ అవతల ఊళ్లో ఉండే రాజన్నకు అమ్మాడు. వాటిలో వంకరకొమ్ముది ఆ కొట్టంలోనే పుట్టింది. "దీన్ని మాత్రం ఎవ్వలకు ఇయ్యకు. ఎన్నడన్న వచ్చి తోల్కపోత" అన్నాడు. రాజన్న సరేనన్నాడు.

గుంజలు పీకారు. కింది మన్ను రెండడుగులు తవ్వి తీసేసి, కొత్త మొరం పోద్దామని మేస్త్రీ అడిగాడు. "మా తాత కాలం మన్ను, రాయి లెక్క ఉన్నది. ఎందుకు తీసుడు?" అన్నాడు బీరయ్య. ఆ మన్ను మీదే సిమెంటు, దాని మీద నున్నటి తెల్ల టైల్స్ పడ్డాయి.

నగేష్ గదుల ఫొటోలు ఫోన్లో పెట్టాడు. కాల్స్ వచ్చాయి. అందరూ అడిగేది ఒక్కటే, మెట్రో ఎంత దూరమని. "మెట్రో అయితే లేదు సార్. కని మస్తు ప్రశాంతంగ ఉంటది" అని బీరయ్య చెబుతుండగానే గల్లీలో ఎవరి బండో ఆగకుండా హారన్ కొట్టేది.

మ్యాచ్‌కు ఒకరోజు ముందు కరీంనగర్ నుంచి విశ్వేశ్వర్ అనే ఆయన కూతురు కీర్తిప్రియను తీసుకుని వచ్చాడు. మ్యాచ్‌తో పాటు లాడ్ బజార్ కూడా చూడాలని ఆ అమ్మాయే ఈ ఇల్లు ఎంచుకుంది. లలితమ్మ చాయ్ ఇచ్చింది. అమ్మాయి గదిలోకి వెళ్లి, వెంటనే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. తండ్రి లోపలికి వెళ్లి కిటికీ తెరిచాడు.

"అన్నా, ఇంతకుముందు ఈడ ఏముండె?"

"బర్లను కట్టేటోళ్లం సార్. ఇప్పుడు లేవు. మూడుసార్లు ఫినాయిల్ తోని కడిగిన."

"ఏమనుకోకు. వాసన మస్తున్నది."

బీరయ్య గట్టిగా గాలి పీల్చాడు. "రంగు వాసన గావచ్చు సార్."

"కాదన్నా."

"బాపూ, ఉప్పల్ కాడనే రూము చూద్దాం. సారీ అంకుల్" అంది అమ్మాయి. గడప దిగుతూ విశ్వేశ్వర్, ఊరికే పోలేక, "చాయ్ మాత్రం బాగున్నదమ్మా. చిక్కటి పాలు" అన్నాడు. అవి ప్యాకెట్ పాలు.

ఆటో వెళ్లాక బీరయ్య భార్యను అడిగాడు. "నీకొస్తున్నదా?"

లలితమ్మ వంగి నేలకు ముక్కు ఆనించింది. "నాకేం వస్తలేదయ్యా."

అతనికీ రాలేదు. నగేష్‌కూ రాలేదు, అతనూ ఆ గల్లీలోనే పెరిగాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి చూసి వెళ్లిపోయారు. ప్రపంచకప్ ముగిసింది. ఆ గదుల్లో ఒక్కరూ నిద్రపోలేదు.

దీపావళి వెళ్లాక బీరయ్య బస్సెక్కి రాజన్న దగ్గరికి పోయాడు. మూడు బర్రెలు అప్పటికే చేతులు మారాయి. "నువ్వు చెప్పినవని దీన్ని ఉంచిన" అంటూ రాజన్న వంకరకొమ్ముదాన్ని చూపించాడు. బీరయ్య దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాడు. టైల్స్ మర్నాడు పగలగొట్టిద్దామనుకున్నారు. ఆ ఒక్క పూటకు గోనెసంచులు పరిచారు.

బర్రె గుమ్మం దగ్గర ఆగిపోయింది. తన చోటు దానికి గుర్తున్నట్టుంది, కానీ కాలు పెట్టలేదు. బీరయ్య పలుపు పట్టి లాగాడు. సంచి జారింది. ముందు కాళ్లు రెండూ చెరో వైపు పోయి బర్రె ఛాతీ మీద పడింది. మళ్లీ లేవలేదు. మూడోరోజు పశువుల డాక్టర్ వచ్చి ముందు కాలు జబ్బ దగ్గర విరిగిందన్నాడు. నాలుగోరోజు రాజన్న బండి పంపాడు. బర్రెను ఎక్కడికి తీసుకుపోతున్నారని బీరయ్య అడగలేదు.

టైల్స్ పగలగొట్టే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గాజులు అమ్మే కైలాసం వచ్చి గదులు రెండూ చూశాడు. అట్టపెట్టెలకు వాసనతో పనేముందన్నాడు.

ఇప్పుడు ఆ గదులు గాజుల గోదాము. పొద్దున తాళం తీసి, సాయంత్రం వేసేది బీరయ్యే.