తొమ్మిదో రీలుకు ఉభయదారు

మంచి పనికి పూనుకుంటే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి చేయి కలుపుతారని ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పుడూ ఉంది. కాకపోతే వాళ్లు వచ్చేలోపు మనం ఎన్ని గడపలెక్కాలో తెలిసింది.) అప్పుడు నేను మంగంపేటలో ఒక ముగ్గురాయి గని ఆఫీసులో కొత్త గుమాస్తాని. ఆదివారమైతే కడపలో మూతబడిన ఒక సినిమా హాలు ముందు, దాని పాత ఆపరేటర్‌తో కబుర్లాడుతూ కూర్చునేవాణ్ణి. అందరికీ ఆయన రీళ్లమామ. కమలాపురం చేలల్లో ఎప్పుడో తీసిన ఒక నలుపు తెలుపు సినిమా, పద్నాలుగు డబ్బాల్లో, ఆయన మంచం కింద ఉండేది. మద్రాసులో వాకబు చేస్తే ఇంకో ప్రింటు ఎక్కడా లేదన్నారు. ఒకరోజు మామ డబ్బా మూత తీస్తే పులిసిన కల్లు వాసన కొట్టింది. "ఇంకో ఎండాకాలం తట్టుకోదప్పా. రీలంతా అట్ట కట్టిపోతాండాది," అన్నాడు. దాన్ని శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించేదాకా నిద్రపోనని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. మద్రాసు ల్యాబువాళ్లు రీలుకింతని ఖర్చు చెప్పాక నిజంగానే నిద్ర పట్టలేదు.

చందా పుస్తకం పట్టుకుని నెల తిరిగినా చెప్పుల అరుగుదలకైనా రాలేదు. అప్పుడు మెరిసింది ఆలోచన. మా వైపు గుళ్లలో తిరునాళ్లప్పుడు ఒక్కో రోజు ఖర్చు ఒక్కో ఇంటివాళ్లు పెట్టుకుంటారు, దాన్ని ఉభయం అంటారు, ఆ రోజు మైకులో వాళ్ల పేరే మోగుతుంది. సినిమాకూ అట్లాగే రీలుకొక ఉభయదారుని పెడితే? రీలు మొదట్లో తెర మీద దాత పేరు! ఈ మాట బజారులో పడిందో లేదో, నా కోసమే మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. పెండ్లి పాట ఉన్న రీలు కోసం బెల్లం సెట్టీ, బట్టలంగడి ఆయనా మాట్లాడుకోవడం మానేశారు. చీటీ వేస్తే సెట్టికి వచ్చింది. మూడు వారాల్లో పదమూడు రీళ్లు అయిపోయాయి. నా తెలివికి నేనే ముచ్చటపడి కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

మిగిలింది తొమ్మిదో రీలు. అందులో హీరో పాము కరిచి చనిపోతాడు, హీరోయిన్ శవం మీద పడి ఏడుస్తుంది, పాడె లేస్తుంది. సెట్టినే ఇంకోటి తీసుకోమన్నాను. "ఏమప్పా, పాడె లేచే రీలుకా మా పేరు? మొన్ననే కొత్త అంగడి తెరిచినాము," అన్నాడు. కరుణరసం రీలు అని పేరు మార్చి రాయచోటి దాకా వెళ్లాను. అక్కడి పెద్దమనిషి మజ్జిగిచ్చి, "పాము కరిచే రీలే గదప్పా?" అని సాగనంపాడు. అందరి మూఢనమ్మకాలనూ తిట్టుకుంటూ వచ్చి మామ పక్కన కూలబడ్డాను. "పోనీ నీ పేరు పెట్టుకో," అన్నాడాయన. ఇంట్లో చెబితే అమ్మ, "పెండ్లి గావాల్సినోడివి, నోర్ముయ్," అంది. మూసుకున్నాను. ఆ మాట అమ్మ అన్నందుకు లోలోపల హాయిగా కూడా అనిపించింది, ఇప్పుడు దాచడమెందుకు. కానీ తొమ్మిదోది లేకపోతే, ఎనిమిదో రీల్లో నవ్వుతూ చేనుకు పోయిన హీరో పదో రీల్లో దండేసిన ఫోటోలో కనబడతాడు.

డబ్బాలు పంపాల్సిన ఆదివారం రానే వచ్చింది. హాలు ముందు పదమూడు డబ్బాలే కట్ట కడుతున్న మామ చేతులు చూడలేక నేను తల తిప్పుకున్నాను. హాలు మూతబడినా ఆ గేటు దగ్గరే బొరుగులమ్మే అవ్వ అంతా వింటూనే ఉంది.

"ఆ రీలు నా పేరున రాయి నాయనా."

"అవ్వా, దాంట్లో..."

"తెలుసులే, ఆయప్ప సచ్చిపోతాడు. నాకింక అశుభం యాడిది? అయ్యేది ఎప్పుడో అయిపాయ. ఈడ ఆ సినిమా ఆడినన్ని దినాలు ఇంటర్వెల్లు బేరం ముగిసి, గంప సర్దుకోని లోపలికి పోయేతలికి ఆ రీలు అయిపోయిండేది. ఆయమ్మ ఏడ్చేది గోడవతల నుంచి ఇన్న్యా గానీ సూడలే. సూడాల." కొంగుముడి విప్పింది. తెర మీద బొరుగులవ్వ అనే రాయాలంది, అసలు పేరు రాస్తే ఎవురికి తెలుస్తాది అని. తక్కువపడింది మామా నేనూ వేసుకున్నాం. నా పేరు లేదు కాబట్టి నాకు ధైర్యం వచ్చింది.

ఆరు నెలలకు కల్యాణ మండపంలో ఆట వేశాం. బొమ్మ కంప్యూటర్‌లోంచే పడుతోంది కాబట్టి మామకు చేసే పని లేదు, అయినా రీలు మారే చోటల్లా లేవబోయి కూర్చున్నాడు. అన్ని పేర్లకూ చప్పట్లు కొట్టారు గానీ బొరుగులవ్వ పేరుకు ఈలలు కూడా పడ్డాయి. "ముందే చెప్పింటే నేనే తీసుకుంటాంటి గదప్పా," అని సెట్టి నా చెవిలో గొణిగాడు. ముందు వరసలో అవ్వ రెప్ప వేయకుండా చూసింది. పాడె లేచిపోయాక నా వైపు తిరిగి, "ఇంతేనా? గోడవతల నుంచి ఇంకా శానా ఏడ్చినట్టుండ్య," అంది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ సినిమా ఇప్పుడు నా ఫోన్లో ఉంది. అవ్వా లేదు, మామా లేడు. ఎప్పుడైనా పెట్టుకుంటే పద్నాలుగు పేర్లూ చదివి మా ఆవిడ అడుగుతుంది, "అంత తిరిగినావే, నీ పేరేది?" అని. "అప్పటికి నాకింకా పెండ్లి కాలేదులే," అంటాను. ఆమెకు అర్థం కాదు, నేనూ విడమరిచి చెప్పను.