అంతే దూరం, అంతే వేగం

మా అమ్మాయికి ఫిజిక్స్ చెప్పిన సారు మొన్న నాందేడ్‌లో గుండెపోటుతో పోయారు. రైల్వే ఉద్యోగానికని తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. మాకు పక్కిల్లే.

మన కోచింగ్ సెంటర్లలో ముందు సూత్రం ఇస్తారు, తర్వాతా సూత్రమే ఇస్తారు. ఈయన మాత్రం లెక్క చేయించే ముందు ఓటింగ్ పెట్టేవారు. చేతులెత్తించి, ఎందుకెత్తావని అడిగేవారు. సిలబస్ వెనకబడుతోందని తల్లిదండ్రులు గొడవ చేస్తే యజమాని మీటింగ్ పెట్టాడు. సారు తరఫున పోట్లాడదామని నేనూ వెళ్లాను. ఆ అవకాశమే రాలేదు. ఆయన బోర్డు మీద సూర్యుణ్ణి పెట్టి, చుట్టూ ఒక వృత్తం గీశారు. దాన్ని ఒక్కచోట తాకి బయటికి సాగిపోయే దీర్ఘవృత్తం ఇంకొకటి. ఒక్కో దారిలో ఒక్కో గ్రహం. తాకిన చోట రెండిటికీ సూర్యుడు ఒకే దూరం. దేని వేగం ఎక్కువని మమ్మల్నే ఓటడిగారు.

దూరం ఒకటైతే వేగమూ ఒకటేనని హాలంతా చేతులెత్తింది. నేనూ ఎత్తాను. పరీక్షలో మా పిల్లలు చేసొచ్చిన తప్పు సరిగ్గా అదే. వృత్తం సూత్రాన్ని తెచ్చి దీర్ఘవృత్తానికి తగిలించడం.

“ఒకటే ఉంటె రెండోది గుడ గుండ్రంగనే తిరుగుతుండె గద,” అన్నారు సారు. “గంత దూరం ఎట్ల పోతున్నది? ఇక్కడ జోరుగ ఉరికింది గనుకనే.”

మరి దూరపు కొసన? ఆ దూరంలో గుండ్రంగా తిరిగేదానికన్నా నెమ్మది, అందుకే మళ్లీ సూర్యుడి వైపు పడుతుంది. వృత్తానికి దూరం తెలిస్తే చాలు. దీర్ఘవృత్తానికి మొత్తం దారి ఎంత పెద్దదో కూడా అడగాలి. భోకర్ నుంచి వచ్చిన ఒక తండ్రి మళ్లీ గీయమన్నాడు. యజమాని గడియారం చూసుకుని, ఇది పేపర్లో రాదు సర్ అని మరాఠీలో అన్నాడు.

“పేపర్ల రాదు. పిల్లలకు రావాలె.”

నెల తిరగకుండా యజమాని ఆయన క్లాసులు తీసేశాడు. చదువును పొట్లాలు కట్టి అమ్మేవాడికి ప్రశ్న అంటే నష్టమే మరి. సారు ఇంటి వరండాలో చెప్పడం మొదలుపెట్టారు. వచ్చింది కొద్దిమందే. దీని మీద పత్రికకు రాస్తానని నేను ఊగిపోతుంటే ఆపారు.

“రాద్దువుగని అన్నా, ముందుగాల ఇది చెప్పు. దీర్ఘవృత్తం మీద ఒక జాగల దూరం, వేగం రెండూ ఒక వృత్తానికి సరిపోతయి. ఆడికెంచి గుండ్రంగ ఎందుకు తిరగదు?”

వరండాలో పిల్లలకూ అదే ప్రశ్న వేశారు. జవాబు వినకుండానే పోయారు.

ఆయన్ను తీసేసిన చోటే నిన్న సంతాపసభ. పిల్లలు లోపలికి రాలేదు. పార్కింగ్‌లో ఒక బైకు చుట్టూ మూగి తెలుగులో, మరాఠీలో వాదించుకుంటున్నారు. యజమాని పిలిచినా ఎవరూ తలతిప్పలేదు. సీటు మీది దుమ్ములో మా అమ్మాయి సారు ప్రశ్నను వేలితో గీస్తోంది. అంతే దూరం, అంతే వేగం. గ్రహం పోయే దిక్కు చూపే బాణం మాత్రం వృత్తం వెంట పోకుండా, ఏటవాలుగా బయటికి చూస్తోంది.