మిర్యాలగూడలో కనపడని డిస్కు

మా అక్క కూతురికి ఆ మధ్యాహ్నం ఉద్యోగానికి ఇంటర్వ్యూ. లాప్‌టాప్ ముందే కూర్చోవాలి, ఫోన్లో కుదరదని కంపెనీవాళ్లు ఖరాఖండిగా చెప్పారు. సరిగ్గా ముందు రోజే ఆ పిల్ల లాప్‌టాప్‌లోని హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని మూలిగి ప్రాణం విడిచింది. పక్కింటాయన తనది ఇస్తానన్నాడట. నేనే సూర్యాపేట నుంచి ఫోన్ చేసి, నేనుండగా మీకు ఎరువు సొమ్మెందుకని వద్దనిపించాను. హైదరాబాదులో ఒక బ్యాంకు కంప్యూటర్లన్నీ ఆగిపోతే మేనేజరు నా కోసం కారు పంపిన కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నిజానికి ఆ బ్యాంకులో నేను చేసిన రిపేరల్లా, కౌంటరు దగ్గర పెన్నుకు కట్టిన దారం తెగితే ముడివేయడం.

కొత్త డిస్కు, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన పెన్ డ్రైవ్ సూర్యాపేటలోనే కొని, పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను. వెళ్లగానే డిస్కును డబ్బాలోంచి తీసి బల్ల మీద పెట్టి, అక్క వేసిన దోసెల పని పట్టాను. తిని వచ్చి, బ్యాంకు కథకు ఇంకో అంతస్తు కడుతూ, కళ్లు శ్రోతల మీదా చేతులు మరల మీదా పెట్టి డిస్కు బిగించేశాను.

లాప్‌టాప్ వెలిగింది. భాష అడిగింది, చెప్పాను. షరతులన్నిటికీ ఒప్పుకున్నాను. ఎక్కడ ఎక్కించమంటావని అడిగి, చూపించాల్సిన చోట ఏమీ చూపించలేదు. తెల్లటి ఖాళీ పెట్టె.

"మామా, ఇందుల డిస్కే కనపడ్తలేదు," అంది మేనకోడలు.

ఆపి మళ్లీ పెట్టాను. ఖాళీ. సెట్టింగుల్లోకి పోయి చూశాను. అక్కడా డిస్కు జాడ లేదు. పెన్ డ్రైవ్‌ను ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చాను. దానికీ డిస్కుకూ సంబంధం లేదని తెలుసు గానీ, చేతులు ఊరికే ఉంటే ఇంటిల్లిపాదీ నా మొహం చూస్తారు. బ్యాంకు కథ ఎక్కడ ఆపానో కూడా మరిచిపోయాను.

బియ్యం మిల్లు నుంచి బావ వచ్చాడు. మనిషి మంచివాడే, కోపం మాత్రం ఆయన కంటే ముందు గదిలోకి వస్తుంది.

"బామ్మర్ది, అయితదా, కాదా? ఒక్క మాట చెప్పు."

"అయితది బావా," అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఆయన పక్కింటికి పరుగెత్తాడు. పక్కింటాయన లాప్‌టాప్ సంకన పెట్టుకొని పని మీద దామరచర్లకు వెళ్లిపోయాడట. తిరిగొచ్చిన బావ ముక్కు ఎర్రబడింది. షాపువాడు చెడిపోయిన మాలు అంటగట్టాడని తేల్చేసి, వాడి నంబరు చెప్పమన్నాడు. నేను డిస్కు విప్పి చూసిందాకా ఆగమని బతిమాలాను.

మరలు విప్పి డిస్కు లాగాను. తీగలు కలిసే మూతి దగ్గర బంగారు రంగు పళ్లుంటాయి. వాటి మీద తడి పసుపు. పసుపు మధ్యలో కుంకుమ బొట్టు.

కోదాడ నుంచి వచ్చిన అత్తమ్మ, అంటే బావ వాళ్లమ్మ, ఏ కొత్త వస్తువునూ బొట్టు పెట్టకుండా వాడనివ్వదు. మిక్సీకి పెట్టింది, ఫ్రిజ్జుకు పెట్టింది, మోటారుకు పెట్టింది. నేను దోసెలు తింటున్నప్పుడు దేవుడి గదిలోకి తీసుకుపోయి, ఆ మూతినే గడప అనుకొని నిండుగా పూసినట్టుంది. మనవరాలి కోసం ఆమె పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మేనకోడలు నా భుజం మీదుగా చూసింది. నాన్న వైపు ఒకసారి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ నానమ్మ వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"నానమ్మకు తెల్వనియ్యకు మామా. ఇంటర్వ్యూ పోతే జిందగీ అంతా తనదే తప్పనుకుంటది."

బావకు వీపు తిప్పి కూర్చున్నాను. పిల్ల ఎక్కడి నుంచో కరోనా నాటి శానిటైజరు సీసా, చెవి దూది పుల్లలు తెచ్చిచ్చింది. ఒక్కో పన్నూ తుడిచాను. పుల్లలు పచ్చబడుతుంటే ఆమె గుప్పిట్లో దాచేస్తోంది. ఆరిందాకా ఆగడం అన్నిటికంటే కష్టమైంది. వెనక బావ అడుగులతో గదిని కొలుస్తున్నాడు.

మళ్లీ బిగించాను. తెల్ల పెట్టెలో ఒక్క గీత వచ్చింది. డిస్కు!

శాతాలు నత్తలా నడిచాయి. సగం దాటాక కాసేపు కదలనే లేదు. అక్క నా భుజం పట్టుకున్న పట్టుకు చొక్కా నలిగింది. చివరికి తెర తెరుచుకుంది గానీ వైఫై పలకలేదు. ఫోన్ తీగతో కలిపి నెట్ ఇచ్చాను. కెమెరాలో పిల్ల మొహం, చెమటతో సహా కనపడింది. అది చున్నీతో తుడుచుకొని మమ్మల్నందర్నీ బయటికి పంపి తలుపేసుకుంది.

"ఏమైంది మరి? షాపోడు మోసం చేసినట్టేనా?" అన్నాడు బావ.

"పాపం, ఆయనేం చేసిండు బావా! అది సూర్యాపేట కరెంటుకు అలవాటు పడ్డ డిస్కు. మిర్యాలగూడ కరెంటు జర గట్టిది. బెదిరింది."

"కొత్త చోటు గదా అబ్బాయ్, కుదురుకోవడానికి టైం పడుద్ది," అంది అత్తమ్మ.

బావ నమ్మాడో లేదో తెలియదు. నేను ఊపందుకొని, దుబాయ్ పోయి మూడు రోజులు బెంగపెట్టుకున్న ఒక డిస్కు సంగతి ఎత్తుకున్నాను. అది విమానం దిగేసరికి తలుపవతల నుంచి "గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్" అని వినపడింది. కాస్త వణికి, ఆ వెంటనే నిలదొక్కుకున్న గొంతు. దుబాయ్ డిస్కును అక్కడే వదిలేశాను. నలుగురం తలుపుకు చెవులొగ్గి నిలబడ్డాం.